కరెంటు పోతే వచ్చే కుర్రాళ్ళు

ఆ రోజుల్లో నాకు మీసాలు సరిగ్గా రాలేదు గానీ, జేబు మీద మాత్రం ‘ఎల్డర్’ అని రాసిన నల్ల బిళ్ళ ఉండేది. ఎల్డర్ అంటే పెద్దాయన. మా మోర్మన్ చర్చిలో ఇరవయ్యేళ్ళు నిండీ నిండని కుర్రాళ్ళకు ఆ బిళ్ళ తగిలించి, ఇంటికి దూరంగా రెండేళ్ళు ప్రచారానికి పంపుతారు. తెల్ల చొక్కా, టై, ఎప్పుడూ ఇద్దరిద్దరుగా తిరగడం, టీ కాఫీలు ముట్టకపోవడం, ఇంటికి వారానికో ఉత్తరం, ఫోను మాత్రం ఏడాదికి రెండుసార్లే. పెద్దరికమంతా బిళ్ళలోనే ఉండేది. బిళ్ళ వెనక ఉన్నవాడు మాత్రం అమ్మ కలిపి పెడితే తప్ప అన్నం సహించని రాజమండ్రి కుర్రాడు. ఇప్పటి పిల్లల్ని చూసి మా ఈడువాళ్ళు ‘వాళ్ళ వయసులో మనం ఎంత బాధ్యతగా ఉండేవాళ్ళం’ అంటుంటే, నేను గబుక్కున మంచినీళ్ళ గ్లాసు అందుకుంటాను. నాకు సోలాపూర్ గుర్తొస్తుంది మరి.

నన్ను సోలాపూర్ వేశారని తెలియగానే అందరూ అదృష్టవంతుడివన్నారు. అక్కడి నేత పేటల్లో ఉండేవాళ్ళంతా తాతల నాడు తెలంగాణ నుంచి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు, ఇంటింటా తెలుగే, నీకు భాష బాధ లేదన్నారు. నిజంగానే లేదు. వినపడకపోవడమే బాధ. అశోక్ చౌక్ దాటి గల్లీల్లోకి అడుగుపెడితే ఏ ఇంట చూసినా సాంచలే. కరెంటు మగ్గాలను వాళ్ళు సాంచలంటారు. పొద్దున్నుంచీ అవి దడదడలాడుతూనే ఉండేవి. మా పని తలుపులు తట్టడం, మమ్మల్ని పంపింది తలుపు తడితే వినపడని పేటకి. ఎవరైనా పొరపాటున చూసి తలుపు తీసినా, నేను ‘నమస్కారమండి’ అనేలోపు చెవి దగ్గర చెయ్యి ఊపి, సాంచ వైపు వేలు చూపించి లోపలికి పోయేవారు. నా జంట తమిళుడు, నాకంటే ఏడాది ముందు వచ్చినవాడు, నియమాల దగ్గర నిప్పు. మనసులో అతణ్ణి తంబి అనుకునేవాణ్ణి (పైకి అంటే ఊరుకునే రకం కాదు). అతనికి తెలుగు పది మాటలు కూడా రావు, మాటలైనా ప్రార్థనైనా మా ఇద్దరి మధ్యా ఇంగ్లీషే. అయినా ఆ మొదటి వారంలో అతని ప్రచారానికీ నా ప్రచారానికీ వీసమెత్తు తేడా కనబడలేదు.

ఉపాయం తట్టింది నాకే. ఒక మధ్యాహ్నం మేం గల్లీలో ఉండగా కరెంటు పోయింది. సాంచలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎక్కడో పిల్లలు కరెంటు పోయిందని మరాఠీలో ‘లైట్ గేలీ’ అంటూ కేకపెట్టారు. మగవాళ్ళు బనియన్లతో గడపల మీదికొచ్చి కూచున్నారు. ఆడవాళ్ళు బీడీలు చుట్టే చేటలు ఒళ్ళో పెట్టుకుని వెలుతురు ఉన్నచోటికి జరిగారు. అందరికీ తీరికే, అందరికీ చెవులే. ఆ రోజు నా గొంతు నాకే వినపడి ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. మర్నాటి నుంచి మా పద్ధతి మార్చేశాం. చౌక్ దగ్గర చెరుకురసం బండి పక్కన కాచుకుని ఉండటం, గల్లీల్లోంచి వచ్చే చప్పుడు ఆగగానే గ్లాసు కింద పెట్టి పరుగెత్తడం. పొద్దున ప్రార్థనలో ‘కరెంటు తియ్యి ప్రభూ’ అని ఒకసారి అడిగేశాను గానీ తంబి కళ్ళెర్రజేశాడు. అలా పేరు పెట్టి అడగకూడదట. అప్పటి నుంచి ‘హృదయాలను సిద్ధం చెయ్యి ప్రభూ’ అనేవాణ్ణి. దేవుడికి అర్థమయ్యేది.

అలా దొరికిన ఇల్లే టవల్ మామది. సేఠ్ దగ్గర తీసుకున్న రెండు సాంచల మీద టవళ్ళు నేసే ఆయన్ని గల్లీ అంతా అలాగే పిలిచేది. ఆయన తల్లి అవ్వ, గడపలో కూచుని బీడీలు చుట్టేది. మొదటిరోజే నా బిళ్ళ మీద ఏం రాసుందని అడిగి, చెప్పాక చాలాసేపు నవ్వింది. “పెద్దమనిషట. మూతి మీద మీసం లేదు గని పెద్దమనిషట. గీడు పెద్దమనిషైతె మరి నేనేందిరా?” చాయ్ వద్దంటే నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. “చాయ్ తాగరా? ఏమన్న బీమారా బిడ్డా?” అని, జొన్నరొట్టె మీద పల్లీల చట్నీపొడి వేసి చేతిలో పెట్టింది. ఇల్లు వదిలాక ఎవరైనా నన్ను ముట్టుకుని చూడటం అదే మొదలు. ఆ రొట్టె అయిపోగానే సిగ్గులేకుండా ఇంకోటి అడిగాను (ఆకలి వల్లేనని తంబికి చెప్పాను).

ఇంత గొప్ప పథకంలో నేను ఆలోచించని సంగతి ఒక్కటే. కరెంటు పోతే నాకు తీరిక, వాళ్ళకు కూలీ పోవడం. పైగా మేం చౌక్ దగ్గర కాచుకుని ఉన్నామని వాళ్ళకేం తెలుసు? సాంచలు ఆగుతాయి, నిమిషంలో ఇద్దరు తెల్లచొక్కాలు ప్రత్యక్షమవుతారు. ఒకసారి, రెండుసార్లు, ప్రతిసారీ. పిల్లలు మాకు ‘లైట్ గేలీవాలే’ అని పేరు పెట్టేశారు. పక్క కార్ఖానా కుర్రాళ్ళు నలుగురు నన్ను ఆపి, “రేపు మూడింటికి మా కార్ఖానాకు జరూర్ రాండ్రి” అని బతిమాలితే, మొత్తానికి హృదయాలు సిద్ధమయ్యాయనుకుని పొంగిపోయాను. తర్వాత తెలిసింది, మూడున్నరకు మైదానంలో వాళ్ళ క్రికెట్ మ్యాచ్ ఉందని, సాంచలు ఆగితే గానీ సెలవు దొరకదని.

టవల్ మామకు మాత్రం ఇది నవ్వులాట కాదు. ఒకనాడు గడపలోనే ఆపి, నా మొహం చూడకుండా చెప్పాడు. “తమ్మీ, కోపానికి రాకు. శనివారం కల్లా మాల్ ఇయ్యాలె. ఈపారి టైముకు ఇయ్యకుంటే సాంచలు ఇంకొకనికి ఇస్త అన్నడు సేఠ్. మీరు ఇంక ఇటుదిక్కు రాకుండ్రి.”

“మావయ్యగారూ, కరెంటు పోయాకే మేం వస్తున్నామండి. మేం వచ్చాక పోవడం లేదండి” అన్నాను.

ఆయన లోపలున్న బల్బు వైపు వేలు చూపించాడు. “గదే కదా నేను గూడ చెప్తున్న. మీరొస్తరు, లైటు ఉండది.”

ఆ ఒక్క తలుపూ మూసుకుంటే సోలాపూర్ లో మాకు ఇంకో తలుపు లేదు. ఎవరూ వినకపోతే మమ్మల్ని వేరే ఊరికి మారుస్తారని తంబి అప్పటికే హెచ్చరించి ఉన్నాడు. నిజం చెప్పాలంటే నాకు ప్రచారం మీద బెంగ లేదు, అవ్వ మీదే. ఆ వారమంతా బండి దగ్గర ఊరికే నిలబడ్డాం. కరెంటు పోయినా కదల్లేదు.

శనివారం పొద్దున అవ్వే చౌక్ కి నడిచొచ్చింది. “ఏందిరా, ముఖం జూపెడ్తలేరు? ఉత్త పుణ్యానికి పోరగాండ్లను బద్నాం జేస్తున్నరు. నడువుండ్రి. లైటు ఉన్నప్పుడే వచ్చి కూసోండ్రి. ఉంటదో పోతదో గల్లీ అంత జూస్తది” అంది. కొడుకు మొత్తుకున్నా వినలేదు. ఆఖరి టవళ్ళు ఇంకా సాంచ మీదే ఉన్నాయి. మమ్మల్ని పెళ్ళిపీటల మీద కూచోబెట్టినట్టు వాటి ఎదురుగా రెండు స్టూళ్ళ మీద కూచోబెట్టింది. గుమ్మం నిండా, కిటికీ నిండా తమ సాంచలు ఆపి వచ్చిన జనం. టవల్ మామ సాంచను ఒకసారి, నన్ను ఒకసారి చూస్తున్నాడు.

కాసేపటికి బల్బు మసకబారింది. సాంచ చప్పుడు నెమ్మదించింది. గుమ్మంలో జనం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. నియమాల నిప్పు తంబి నా చెవిలో నోరు పెట్టి, “ఈసారి పేరు పెట్టే అడుగు” అన్నాడు. అడిగాను. కరెంటు అని, ఇల్లు ఫలానా గల్లీలో అని, అన్నీ వివరంగా చెప్పి అడిగాను. ఆ రెండేళ్ళలో నేను చేసిన అతి నిజమైన ప్రార్థన అదే. బల్బు కొట్టుకుని కొట్టుకుని మళ్ళీ వెలిగింది, సాంచలు దడదడమని అందుకున్నాయి.

అవ్వ నా వైపు చెయ్యి ఊపింది. ఊరికే కూచోకుండా మీ ముచ్చటేదో చెప్పమని సైగ. లేచి నిలబడి, ఆ చప్పుడులో గొంతు చించుకుని మొదలుపెట్టాను. ఒక్క ముక్కా వినపడటం లేదని నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. అయినా అందరూ తలలు ఊపుతున్నారు. అంతమంది శ్రోతలు నాకు అంతకు ముందు లేరు. నేర్చుకున్న పాఠం అయిపోయింది, టవళ్ళు ఇంకా అవలేదు. ఆపితే ఏమవుతుందోనని భయం. ఎటూ వినపడదు కదా అని నోటికొచ్చింది చెప్పుకుపోయాను. నాకు వంట రాదని, రోజూ మాడిన అన్నమేనని, మేడమెట్ల మీద కూచుని ఏడుస్తానని, ఈ బిళ్ళ అంటే భయమేస్తుందని. చివరి టవల్ అయిపోవడం, టవల్ మామ సంతోషంతో రెండు సాంచలూ ఒక్కసారే బంద్ చెయ్యడం నేను చూసుకోలేదు. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో గల్లీ గల్లీ అంతా విన్నది ఇదీ: “నాకు మా అమ్మ దగ్గరికెళ్ళిపోవాలనుందండీ.”

ఎవరూ నవ్వలేదు. రోజూ నన్ను చేత్తో పొమ్మనే ఎదురింటాయన, “ఇన్ని దినాలకు గిదొక్కటి సాఫ్ సమజైంది” అన్నాడు మెల్లిగా. అవ్వ చేట పక్కన పెట్టి లేచింది. “పోదువు గని తియ్యి కొడుకా. ముందుగాల రొట్టె తిను.” పక్కన ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకోవడం చూసి తంబి, ఏం చెప్పావని అడిగాడు. సాక్ష్యం చెప్పానన్నాను (అబద్ధమేం కాదు).

మాల్ టైముకు చేరింది. ఆ గల్లీలో మా చర్చిలో చేరినవాళ్ళు ఒక్కరూ లేరు. ‘లైట్ గేలీవాలే’ పేరు కూడా పోలేదు. నేనున్నన్నాళ్ళూ కరెంటు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు కిటికీలోంచి తొంగిచూసి, మేం ఎక్కడున్నామో కనుక్కునేవారు. కాకపోతే అవ్వ గడపలో మాకు చోటుండేది, సాంచలు ఆడుతున్నా, ఆగినా.

ఇప్పుడు మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోయినా తెలియదు. ఫ్యాను ఒక్క రెప్పపాటు నెమ్మదించి మళ్ళీ అందుకుంటుంది. ఆ రెప్పపాటు మాత్రం నేను ఎవరితో మాట్లాడుతున్నా నోరు మూసుకుంటాను. యాభై దగ్గర పడుతున్నవాణ్ణి, లోపలున్నదేదో బయటికి వినపడితే బావుండదు కదా. వినపడినా ఫరవాలేదు గానీ, ముందుగాల రొట్టె తినమనే మనిషి పక్కన ఉండాలి.