బొట్టు పెట్టిన ప్లగ్గు

తిరుపతి బస్టాండు దగ్గర ఒక జెరాక్సు అంగడికీ చెప్పుల అంగడికీ మధ్య నా అంగడి. అంగడంటే ఒక బల్ల, తీగలు అతికే ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక టేబుల్ ఫ్యాను, గోడకు మేకులేసి వేలాడదీసిన తీగల చుట్టలు. పాత కంప్యూటర్లకు సీరియల్, ప్యారలల్ పోర్టు కేబుళ్లు చేసిస్తాను. ఈ కాలంలో అవి ఎవరికి కావాలమ్మా అని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రక్తపరీక్షలు చేసే యంత్రం, బిల్లులు గీరగీరమని కొట్టే పాత ప్రింటరు, లేత్ మిషను, ఇవేవీ ఫోన్ల మాదిరి ఏడాదికొకసారి మార్చేవి కావు. ఆ పాతవాటి మధ్య మాటలు నడవాలంటే ఈ కేబుళ్లే ఉండాలి.

ప్యారలల్ కేబులంటే ఇరవై అయిదు కాళ్ల ప్లగ్గు. ఊపిరి బిగబట్టి అతకాలి. సీరియల్ సులువు. ప్లగ్గుకు తొమ్మిది రంధ్రాలున్నా చాలావాటికి మూడు తీగలే చాలు. ఒకటి చెప్పే తీగ, ఒకటి వినే తీగ, ఇంకొకటి నేల తీగ, అదే ఎర్తు. ఇటువైపు చెప్పే తీగ అటువైపు వినే కాలికి పోవాలి. అలా మార్చి అతకకపోతే, ఇద్దరూ ఒకేసారి అరుచుకునే మొగుడూ పెళ్లాల్లాగా ఎవరి మాటా ఎవరికీ వినపడదు.

నేను చేసిన కేబుల్ పరీక్షించకుండా గడప దాటదు. ఆ గర్వం నాకుంది, దాచుకోను. అందుకే ఆ మామిడికాయల కాలంలో వడమాలపేట దగ్గరి వేబ్రిడ్జి అక్క ఫోన్ చేసి, "నువ్వు పంపిచ్చిన కేబులు పని చెయ్యలేదు మే" అన్నప్పుడు కోపం ముక్కు మీదికొచ్చింది.

ఆమె నాకు చుట్టం కాదు, పాత గిరాకీ. రోడ్డు పక్కన లారీలను ఎక్కించి తూకం వేసే వేబ్రిడ్జి ఆమెది. పక్కనే చిన్న గది, అందులో ఒక పాత కంప్యూటరు, ఒక ప్రింటరు. తూకం అంకెలు చూపే డబ్బా నుంచి కంప్యూటరుకు పోయే కేబుల్‌ను ఎలుకలు కొరికాయి. తోతాపురి కాయల లారీలు వరుస కట్టే రోజులవి. జ్యూస్ ఫ్యాక్టరీవాళ్లు చేత్తో రాసిన తూకం చీటీ ఒప్పుకోరు, ప్రింటు చీటీయే కావాలి. ఆ కొన్ని వారాలు దాటితే ఏడాదంతా ఆమె వేబ్రిడ్జి మీద కుక్కలు పడుకోవాల్సిందే.

"అక్కా, ఈడ పని చేసింది ఆడ ఎందుకు చెయ్యదు? నువ్వే తిక్కతిక్కగా పెట్టుంటావు," అన్నాను.

"నేనేమన్నా ఈరోజు పుట్టినానా? పదేండ్లుగా ఈ కాటా నేనేగదా నడుపుతా ఉండాను!"

ఆడలేక మద్దెల ఓడన్నాడట అని లోపల గొణుక్కుంటూ ఇంకొకటి చేశాను. దాన్నీ పరీక్షించి, పుత్తూరు పోయే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను. మధ్యాహ్నానికి మళ్లీ ఫోను. అదీ పని చేయలేదు. ఈసారి ఆమె అరవలేదు, అదే నన్ను భయపెట్టింది.

"రేపు సాయంత్రం దాకా సూస్తామన్నారు ఫ్యాక్టరీవాళ్లు. ఆమీదట లారీలన్నీ ఇంకో వేబ్రిడ్జికి మళ్లిస్తారంట. ఈ సీజను పోతే నేను ఏం జేసేది, సెప్పు?"

మరుసటి రోజు శుక్రవారం. మూడో కేబుల్ చేసి, సంచిలో ఐరన్, స్పిరిట్ సీసా, పాత టూత్ బ్రష్ వేసుకుని పొద్దున్నే బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని ఆమెను అనాల్సిన మాటలన్నీ వరుసగా పేర్చుకున్నాను.

నేను పోయేసరికి వేబ్రిడ్జి ముందు ఒక లారీ ఆగి ఉంది. డ్రైవరు చింతచెట్టు కింద తువ్వాలతో ఈగలు తోలుకుంటున్నాడు. గదిలో కంప్యూటరుకు పూలదండ, ప్రింటరుకు బొట్టు, అగరొత్తుల పొగ. అక్క తలంటి పోసుకుని, తడిజుట్టు ముడేసుకుని ఎదురొచ్చింది. నా చేతిలోంచి కేబుల్ తీసుకుని కళ్లకద్దుకుంది. నేను సంచి దించి తలెత్తేలోపు గంధం గిన్నెలో వేలు ముంచి, ప్లగ్గు మూతికి తెచ్చింది.

"అక్కా! ఏం జేస్తా ఉండావు?" అని కేబుల్ లాక్కున్నాను.

"ఏందిమే, బొట్టు పెట్టకుండా కొత్త వస్తువు వాడతారా?"

"పైన పెట్టు, నల్లటి మూత ఉండాది కదా!"

"అది వీపు మే. బొట్టు మొఖానికి పెడతారా, వీపుకు పెడతారా? ఆ తొమ్మిది బొక్కలు సూడు, నవగ్రహాలు మాదిరి ఉండాయి. ఒకటికి పెట్టి ఒకటికి మానితే ఊరుకుంటారా?"

బల్ల కింద నా పాత కేబుళ్లు రెండూ పడి ఉన్నాయి. తీసి చూశాను. ఒక్కో రంధ్రంలో ఇంత గంధం, దాని మీద ఇంత కుంకుమ, పుల్లతో కూరినట్టు. అంత శ్రద్ధగా నేను కూడా అతకలేదు. తూకం డబ్బాకున్న పిన్నులు కూడా ఎర్రగా పెళ్లికూతురి పాదాల్లా ఉన్నాయి. బస్సులో పేర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. నవ్వాను. కడుపు పట్టుకుని, కన్నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు.

"ఎలకలు కొరికినదానికి ఎన్నడూ ఏం కాలేదే?" అంది.

కాటా కంపెనీవాళ్లు పెట్టిపోయినదాన్ని ఊడదీసే పని పడక, అన్నేళ్లూ దాని మొఖం ఆమెకు కనపడలేదు. అదీ సంగతి. తడి గంధం లోపల చేరితే మాట అటునుంచి ఇటు దాటదని చెప్పాను. టూత్ బ్రష్‌ను స్పిరిట్‌లో ముంచి డబ్బా పిన్నులు తోమాను. కొత్త కేబుల్ బిగించబోతే ఆమె అడ్డం వచ్చింది.

"శుక్రవారం పూట, బొట్టు లేని మొఖంతో బోణీయా? ఇప్పటికే సీజను పాడైంది. ఇంక నేను పాడు చేసుకోను."

బయట లారీ డ్రైవరు, "అక్కా, కాయలు మాగిపోతా ఉండాయి!" అని కేకేశాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ మెట్టు దిగలేదు. మొండితనంలో నేనేం తక్కువ కాదు. అయినా ఆ కళ్లు చూశాక ఆమె మీద గెలవాలన్న కోరిక పోయింది.

పాడైన కేబుల్ ఒకటి తీసుకుని ప్లగ్గు దగ్గర కత్తిరించాను. గంధమూ కుంకుమా ఉన్న ఆ ప్లగ్గును కంప్యూటరు ముందువైపు, మొఖం మనకు కనపడేలా అతికించాను. "ఇంకమీదట దీనికి పెట్టుకో. తొమ్మిదీ ఉండాయి."

ఆమె వంగి చూసింది. "దీనికి తీగే లేదే! యాడికీ పోని దానికి పూజ చేస్తే మొక్కు యాడికి పోతాది? దేవుడికే టోపీ పెడతావా?"

అడిగిన మాట న్యాయమైనదే. ఐరన్ వేడి చేసి, ఆ ప్లగ్గులో నేల తీగ చేరే ఐదో కాలికి ఒక తీగ అతికాను. రెండో కొసను కంప్యూటరు ఇనుప డబ్బా స్క్రూ కింద బిగించాను. "ఇది నేల తీగ అక్కా. భూమాతతో కలిపినాను. చాలునా?"

ఆమె తీగను వేలితో కొస దాకా తడిమి చూసింది. "ఇప్పుడుండాది," అంది. కొత్తగా తొమ్మిది బొట్లు పెట్టి, హారతిచ్చి, నాకూ ఒక బొట్టు పెట్టింది.

అసలు కేబుల్ బిగించి, పరీక్షకు నేనే పోయి వేబ్రిడ్జి నడిమధ్య నిలబడ్డాను. లోపలి నుంచి ప్రింటరు గీరమన్న చప్పుడు, దాన్ని మించి అక్క కేక. "వచ్చిందిమే! అరవై కేజీలు!"

"నేను యాభై ఆరే!" అని అరిచాను.

"ఈ కాటా పది పదిగానే లెక్క పెడతాది. నీ కోపం కూడా కలిపింటాది!" అంది. డ్రైవరు పకపకా నవ్వుతూ లారీ ఎక్కాడు. నేను పక్కకు దూకాను. లారీ మెల్లగా పైకెక్కింది. అచ్చయిన చీటీని అక్క చింపకుండా కాసేపు అట్లాగే చూస్తూ నిలబడింది. సాయంత్రానికి లారీల వరుస రోడ్డు దాకా వచ్చింది. వచ్చేటప్పుడు నేను మోయలేనన్ని కాయలు సంచిలో కుక్కింది.

ఇప్పుడు చంద్రగిరికైనా ఐరాలకైనా కేబుల్ పంపేటప్పుడు, దాంతోపాటు నేల తీగ ఒక్కటే అతికిన ఉత్త ప్లగ్గు కూడా పొట్లంలో పెడుతున్నాను. అది దేనికని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.