శాకాహారి ఊసరవెల్లి కావాలన్నారు

2023 ఫిబ్రవరి. స్టుట్‌గార్ట్ నుంచి లోకల్ రైలు ఎస్-బాన్‌లో కొన్ని స్టేషన్లు దాటితే వచ్చే చిన్న ఊళ్ళో, పెంపుడు ప్రాణుల దుకాణంలో నేను పనికి చేరి అప్పటికి ఐదో ఏడు. బల్లులు, తాబేళ్ళు, ఊసరవెల్లులు నా విభాగం. అవి ఉండే టెర్రేరియాలు, అంటే ఎండా తేమా మనమే అమర్చి కట్టే అద్దాల ఇళ్ళూ జాలీ ఇళ్ళూ, నేనే చూస్తాను. వాటి తిండి కూడా నాదే: డబ్బాల్లో బతికున్న కీచురాళ్ళు, మిడతలు, పిండిపురుగులు.

ఒంగోల్లో జువాలజీ చదివి, మా ఆయనకు జిండెల్ఫింగెన్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే వెంట వచ్చినదాన్ని. ఇక్కడి తెలుగువాళ్ళలో నా పేరు సుభద్ర అని తెలిసినవాళ్ళకంటే ‘పురుగులావిడ’ అని తెలిసినవాళ్ళే ఎక్కువ. భోజనానికి పిలిస్తే ముందు నా చేతులవంక చూస్తారు. చూసుకోనివ్వండి. మా ఇంట్లో మాంసం, గుడ్డు రావు. దుకాణంలో రోజూ కీచురాళ్ళు అమ్ముతాను. ఈ రెండూ ఎలా పొసగుతాయని అడిగేవాళ్ళకు సంజాయిషీ చెప్పుకునే ఓపిక నాకు లేదు.

ఒక శనివారం పొద్దున శ్రీలత, కిరణ్ వాళ్ళమ్మాయి మేఘనను వెంటబెట్టుకుని వచ్చారు. కరీంనగర్ వాళ్ళు. ఇద్దరిదీ ఐటీ ఉద్యోగం. అమ్మాయికి పదకొండేళ్ళు. కొత్త స్కూల్లో మంచి మార్కులు వస్తే ఊసరవెల్లి కొనిపెడతామని మాటిచ్చారట. శ్రీలత నేరుగా విషయానికి వచ్చింది.

“అక్కా, మీ దగ్గర శాకాహారి ఊసరవెల్లి ఉన్నదా?”

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“యెమెన్ ఊసరవెల్లి ఆకులు తింటదట గదా. నెట్ల చదివిన. మాకు గదే కావాలె. మా ఇంట్ల గుడ్డు కూడ రాదు.”

చదివింది అబద్ధం కాదు. యెమెన్ జాతి ఊసరవెల్లి ఆకులు, పూలు, పండు ముక్కలు కొరుకుతుంది. కానీ అది మనం భోజనం చివర వక్కపొడి వేసుకున్నట్టు. దాని అసలు భోజనం పురుగులే, అవీ కదిలే పురుగులే. కదలని పురుగు దాని కంటికి తిండిగా ఆనదు. ఆ మాటే చెప్పాను. శ్రీలత మొహం ముడుచుకుంది. మేఘన మాత్రం నా వెనకున్న జాలీ ఇంటివైపే చూస్తోంది.

“ముందు దానికి ఇల్లు కట్టండి. ప్రాణి సంగతి తర్వాత చూద్దాం,” అన్నాను. ఇది నా పద్ధతి. ఊసరవెల్లిని, దాని ఇంటిని ఒకే రోజు ఎవరికీ అమ్మను. ఖాళీ ఇంటిని కొన్ని వారాలు నడిపి, వేడి, తేమ కుదిరాయని చూసుకున్నాకే ప్రాణి రావాలి.

ఆ పూటంతా మేఘనకు నేర్పాను. ఇల్లు పొడుగ్గా ఉండాలి, ఎందుకంటే అది చెట్టు మీద బతికేది. గాలి ఆడాలి గనక పక్కలు జాలీవే మంచివి. పైన ఒక మూల వేడి దీపం, దాని కింద కొమ్మ. దాన్ని బాస్కింగ్ స్పాట్ అంటాం, అంటే అది ఎండకాచుకునే చోటు. పక్కన యూవీబీ లాంప్. ఎండలోని ఆ కిరణం లేకపోతే ఒంట్లో కాల్షియం పట్టదు, కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో అది ఉండదు. గిన్నెలో నీళ్ళు పెడితే తాగదు, నిలవ నీరు దానికి కనపడదు. ఆకుల మీద జారే చుక్కల్ని నాకుతుంది, అందుకని పైనుంచి బొట్టుబొట్టుగా పడే డ్రిప్పర్. లోపల మందార మొక్క, మనీ ప్లాంటు. మేఘన ఒక్కొక్కటీ తిరిగి నాకే అప్పజెప్పింది. తెలుగులో మొదలుపెట్టి జర్మన్‌లో ముగించింది.

చివర్లో కీచురాళ్ళ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాను. లోపల గుడ్ల అట్టల మధ్య గుంపులుగా పాకుతున్నాయి. శ్రీలత రెండడుగులు వెనక్కి వేసింది.

“ఇవి లేకుండా కుదరదమ్మా. నీకు ఇవి పడకపోతే ఊసరవెల్లి వద్దు. నేను అమ్మను.”

“మేం కొంటమంటె మీరు అమ్మరా?” అన్నాడు కిరణ్.

“అమ్మను,” అన్నాను. మా యజమాని ఉవే కౌంటర్ దగ్గర్నుంచి చూశాడు. ఆయనకు తెలుగు రాకపోయినా నేను కొనేవాళ్ళను పంపించేస్తున్నానని అర్థమైంది. తర్వాత అడిగితే ఆయనకూ అదే చెప్పాను.

ఇల్లు మాత్రం కొనుక్కుని వెళ్ళారు. తర్వాత మేఘన ఫోటోలు పంపింది. దీపం ఎత్తు, కొమ్మల అమరిక, అన్నీ నేను చెప్పినట్టే. నా దగ్గర దొరకని ప్రాణి ఆన్‌లైన్ ప్రకటనలో దొరికింది. లేత పచ్చ రంగు కుర్రది. దానికి మిర్చి అని పేరు పెట్టారు.

మే నెలలో ఒక సాయంత్రం మేఘన స్కూలు బ్యాగుతోనే దుకాణానికి వచ్చింది. ఫోన్‌లో వీడియో చూపించింది. మిర్చి కింది కొమ్మ మీద కూర్చుని ఉంది. కాలు వేస్తే ఒణుకుతోంది. ముందుకాలు మధ్యలో వంగినట్టుంది.

“ఆంటీ, బిట్టె, ప్లీజ్, చూడండి. నాలుక బయటికి వస్తలేదు.”

“ఏం పెడుతున్నారు?”

“మ్యాంగో. కీరా. మందార పువ్వు. మమ్మీ పనీర్ కూడా పెట్టింది, ప్రోటీన్ అని.”

నా ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు. మిర్చికి వచ్చిన జబ్బు నాకు తెలుసు. ఎం.బి.డి. అంటాం, కాల్షియం లేక ఎముకలు మెత్తబడే జబ్బు. నాలుక విసరడానికి కూడా బలం ఉండదు. ఇల్లు ఎంత బాగా కట్టినా లోపలివాళ్ళకు కూడు లేకపోతే ఏం లాభం? నేను చిన్న కీచురాళ్ళ డబ్బా ఒకటి తీసుకుని, ఉవేకి చెప్పి, ఆ పిల్లతోపాటే వాళ్ళింటికి బయల్దేరాను. పిలవని పేరంటమే. అయినా వెళ్ళాను.

శ్రీలత తలుపు తీసి, మర్యాదగా లోపలికి రమ్మంది. టీ పెడతానంది. అంతలో డబ్బాలోంచి కీచుమని చప్పుడైంది.

“ఏందక్కా అండ్ల?”

“మిర్చి అన్నం.”

“మా ఇంట్లకా? బయట పెట్టుండ్రి ముందుగల.”

“బయట పెడితే దాన్ని కూడా బయట పెట్టాల్సొస్తది. చూశావా ఆ కాలు? అది ఆకలితో చస్తా ఉంది.”

శ్రీలత ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

“ఆఫీసుల బార్బెక్యూ అంటరు, నేను ఉత్త సలాడ్ తిని వస్త. పార్టీల ఎవరో నా ప్లేట్ల ముక్క ఏస్తె, ప్లేటు ఆడనే వదిలేసి లేచిన. మేఘన పుట్టినప్పుడు ఆస్పత్రిల సూప్ ఇస్తె, ఎముకలు ఉడకబెట్టిన నీళ్ళని తెలిసి తాగలే. బ్రెడ్డు తిని పండుకున్న. ఇన్నేండ్లల్ల ఈ దేశంల ఎవ్వరికి లొంగలే అక్కా. ఇప్పుడు గీ తొండకు లొంగాల్నా?”

నిజం చెప్పాలంటే, ఆ మాటలకు ఆవిడ నాకు నచ్చింది. నేనూ అలాంటి ప్లేట్లు చాలా వదిలేసి లేచినదాన్నే. అయినా వెనక్కి తగ్గలేదు.

“నువ్వు లొంగబాక. నిన్నెవరు తినమన్నారు? నేనూ తినను. నీ నియమం నీ కంచంలో పెట్టుకో, దాని నోట్లో కుక్కబాక. పురుగును చంపితే పాపమా? మరి దీన్ని పస్తులు పెట్టి చంపేదాన్ని ఏమంటారు?”

కిరణ్ మధ్యలోకి వచ్చాడు. “లొల్లి వద్దు. ఎవరికన్న ఇచ్చేద్దాం. అక్కే తీస్కపోతరు.”

తీసుకెళ్ళడానికి నేను సిద్ధమే. అదే అనబోయాను. అప్పటిదాకా మూల నిలబడ్డ మేఘన వచ్చి తండ్రి ముందు నిలబడింది.

“ఇస్తె నన్ను కూడా ఇచ్చెయ్యండి,” అంది. గొంతు పెంచలేదు. నా చేతిలోంచి డబ్బా లాక్కుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ ఇంట్లోకి కీచురాళ్ళు అలా వచ్చాయి.

మర్నాడు సరీసృపాల డాక్టరు దగ్గరికి అందరం వెళ్ళాం. ఎక్స్‌రేలో ఎముకలు పలచటి నీడల్లా ఉన్నాయి. డాక్టరమ్మ కాల్షియం మందు ఇచ్చి, నాలుక బలం తిరిగి వచ్చేదాకా కీచురాయిని పట్టకారుతో నోటి దగ్గర పట్టుకుని తినిపించాలంది. అలా తినకపోతే బతకదని కూడా చెప్పింది. బతికినా ముందుకాలు వంకరగానే ఉండిపోతుందట. శ్రీలత తల ఊపింది. కారు దగ్గర నన్ను ఆపింది.

“బిడ్డ పెడితె పెట్టనియ్యుండ్రి. నేను ముట్ట. ఆ డబ్బ వంటింట్లకి రావద్దు.”

“సరే. కానీ ఇంకొక పని ఉంది. అది నీకు వచ్చిన పనే.”

గట్ లోడింగ్ గురించి చెప్పాను. ఊసరవెల్లికి పెట్టబోయే ముందు కీచురాళ్ళకు మంచి తిండి పెట్టాలి, వాటి కడుపులో ఉన్నదే దీనికి అందుతుంది. కీచురాళ్ళు తినేవి ఆకులూ కూరగాయలే. వాటికి మునగాకు పెడితే కాల్షియం దండిగా ఉంటుందన్నాను. ఆవిడ కారు తలుపు తీస్తూ, “మునగాకు మా ఫ్రీజర్ల ఉన్నది,” అంది.

అప్పట్నుంచి కీచురాళ్ళకు రోజూ మునగాకు, క్యారెట్ తురుము. డబ్బా మేఘన గది గడప దగ్గర ఉంటుంది, శ్రీలత గడప ఇవతల నిలబడి గరిటెతో వేస్తుంది. చంపేవాటికి అంత సేవ ఎందుకని కిరణ్ వేళాకోళం చేస్తే, “ఉన్నన్ని రోజులు కడుపునిండ తిననీ,” అందట.

జూన్‌లో మేఘన క్లాసు పిల్లలందరూ టీచర్లతో వారం రోజులు వేరే ఊరికి వెళ్ళారు. కిరణ్ ఆఫీసు పని మీద కెమ్నిట్జ్‌లో ఉన్నాడు. ఆ వారం నేనే వచ్చి మిర్చికి తినిపించాలని అనుకున్నాం. తీరా నేను జ్వరంతో మంచంలో ఉన్నాను. ఆ సంగతి వాళ్ళకు ముందు తెలియదు. పొద్దున్నే శ్రీలత వీడియో కాల్ చేసింది.

“అక్కా, ఎన్నింటికి వస్తరు? అది నోరు తెరుసుకొని నా దిక్కే చూస్తున్నది.”

నా మొహం చూపించాను. రాలేనన్నాను.

“ఒక్కపూట పండ్లు పెడ్తె నడవదా?”

“నడవదు. పెడతావా, వదిలేస్తావా? నువ్వే చెప్పు.”

ఫోన్‌ను అలమరకు ఆనించింది. చున్నీ నడుముకు చుట్టుకుంది. ఒక చిన్న డబ్బాలో కాల్షియం పొడి వేసి, కీచురాయిని అందులో వేసి ఊపమన్నాను. డస్టింగ్ అంటాం దీన్ని, కాకరకాయ ముక్కలకు శనగపిండి పట్టించినట్టే. మొదటి కీచురాయి జారి నేల మీద పడి బీరువా కిందికి పోయింది. నన్ను తిట్టింది. మా దుకాణాన్ని తిట్టింది. రెండోదాన్ని పట్టకారుతో పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, చెయ్యి లోపల పెట్టింది.

“చూడకుండా పెడితే దాని కంట్లో పొడుస్తావు. ఇటు చూడు,” అన్నాను.

చూసింది. మిర్చి ఒక కన్ను కీచురాయి మీదికీ, ఇంకో కన్ను శ్రీలత మీదికీ తిప్పి, మెల్లగా ముందుకు వంగి అందుకుంది. నమలడం నాకు ఫోన్‌లోనే వినపడింది. శ్రీలత కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

“ఇంకొకటి పెట్టాల్నా?” అంది.

ఆ వారమంతా ఆవిడే పెట్టింది. నాకు జ్వరం తగ్గాక కూడా రమ్మని పిలవలేదు.

శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి నన్నూ పిలిచింది. హాలు నిండా ఆడవాళ్ళు. మిర్చి ఇల్లు హాల్లోకి మారింది, కిటికీ పక్కన, అందరికీ కనపడేలా. కాలు వంకరే గానీ పై కొమ్మ మీద దర్జాగా కూర్చుని ఉంది. పక్కన కీచురాళ్ళ డబ్బా కూడా ఉంది. గుసగుసలు మొదలయ్యాయి. పెద్దావిడ ఒకామె కొడుకింటికి వచ్చి ఉన్నారు. ఆవిడ పైకే అనేశారు.

“అమ్మవారిని నిలబెట్టిన ఇంట్లో పురుగులేంటమ్మా? జీవహింస కదూ? ఇక్కడ ప్రసాదం ఎలా తినమంటావు?”

నేను నోరు తెరవబోయాను. శ్రీలత నావైపు చూసి, వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

“ఆంటీ, నేను పురుగు తినలే, తినను. దానికి తిండి పెడుతున్న. నా ఇంట్ల ఉన్నదాన్ని పస్తు పెట్టి అమ్మవారికి నైవేద్యం పెడ్తె ఆ తల్లి తింటదా? మీకు ఇష్టమైతె ప్రసాదం తీస్కోండ్రి. లేకుంటె బొట్టు పెట్టించుకొని పోండ్రి, నాకేం కోపం లేదు. దాని అన్నం యాళ్ళైంది.” లోపలికి తిరిగి, “మేఘనా!” అని పిలిచింది.

మేఘన పట్టకారుతో కీచురాయిని లోపలి కొమ్మ మీద వదిలింది. మిర్చి రెండు కళ్ళూ దానిమీదే నిలిపింది. జానెడు దూరం నుంచి నాలుక విసిరి అందుకుంది. జబ్బు చేశాక నాలుక విసరడం నేను చూడటం అదే మొదలు. పెద్దావిడ ప్రసాదం తీసుకోకుండా వెళ్ళిపోయారు. ఆవిడతో ఇంకో ఇద్దరు వెళ్ళారు. శ్రీలత గుమ్మందాకా వెళ్ళి వాళ్ళకు బొట్టు పెట్టి పంపింది. మిగిలినవాళ్ళం పులిహోర తిన్నాం.

ఈ కేసు నాకు నేర్పింది ఇదే: ఊసరవెల్లికి ఇల్లు కట్టడం ఎవరికైనా నేర్పొచ్చు. ఆ ఇల్లున్న ఇంటిని ఒప్పించడమే అసలు పని, దానికి కుటుంబమంతా కావాలి. అందుకే ఇప్పుడు మా దుకాణంలో ఊసరవెల్లి అడిగినవాళ్ళు పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ రావాలి. ఒక్కొక్కళ్ళూ పట్టకారుతో కీచురాయిని పట్టుకుని మా దగ్గరున్న ఊసరవెల్లికి పెట్టాలి. మొహం తిప్పుకోకూడదు. పెట్టలేనివాళ్ళు తెలుగువాళ్ళైనా, జర్మన్లైనా, నేను అమ్మను. ఉవే మొదట్లో గొణిగాడు, ఇప్పుడు గొణగడం లేదు.

మొన్న ఒకాయన పట్టకారు బల్ల మీద పడేసి నామీదికి వచ్చాడు. “మీరు అమ్ముతున్నారా, పరీక్ష పెడుతున్నారా?”

“పరీక్షేనండీ,” అన్నాను. “ఇందులో మీరు తప్పితే ఆకలితో చచ్చేది మీరు కాదు.”