ఒకే కారు, రెండు ప్రార్థనలు

నేను బాపట్లలో ఫిజిక్స్ పాఠాలు చెబుతాను. కిందటేడాది మా అత్తయ్యను శుక్లాల ఆపరేషన్‌కు తెనాలి తీసుకెళ్లాలని రేపల్లె వెళ్లాను. ఉదయం అందరూ ఎక్కి కూర్చున్నాక నా పద్దెనిమిదేళ్ల కారు ‘టక్’మని ఊరుకుంది. లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. వారం క్రితమే ఇదే జబ్బుకు కొత్త బ్యాటరీ వేయించాను!

రైస్‌మిల్లు నడిపే మా తోడల్లుడు వచ్చి బానెట్ ఎత్తాడు. ఇంటర్‌లో ఫిజిక్స్ తప్పాడు. అయినా అత్తవారింట్లో బల్బు మార్చాలన్నా అతణ్నే పిలుస్తారు. వెలిగేది వాళ్లకు, మాడేది నాకు.

“బ్యాటరీ బానే ఉందన్నయ్యా. ఇంజనుకెళ్లే ఎర్త్ వైరు తుప్పు పట్టింది. మీది సముద్రపు గాలి కదండి” అంటూ మరో వైరు కలిపి, “తాళం తిప్పండి” అన్నాడు.

వెనక సీట్లో అత్తయ్య, “ప్రభువా, స్టార్టవ్వాలి” అంటోంది. నేను కళ్లు మూసుకుని, “ప్రభువా, అవ్వకూడదు” అనుకుంటూ తిప్పాను. ఒక్క దెబ్బకు స్టార్టయింది.

“మా మరిది చెయ్యి పడితే చాలు!” అంది మా ఆవిడ.

“చెయ్యి కాదమ్మాయ్, పెద్దల్లుడుగారి ప్రార్థన. కళ్లు మూసుకుని ఎంత భక్తిగా చేశారో, నేను ముందు అద్దంలో చూశానుగా” అంది అత్తయ్య.

తెనాలి దాకా సిగ్గుతో ఆ అద్దం వంక చూడకుండానే నడిపాను. ఆపరేషన్ బాగా జరిగింది. ఆవిడకు చూపు స్పష్టంగా వచ్చిన దగ్గర్నుంచి, ఆవిడ ఎదుట కళ్లు మూసుకోవాలంటే నాకు భయం.