మామిడి షెడ్డులో జైలు

నూజివీడు బజారులో పాండురంగారావు అంత మెత్తని మనిషి లేడని ఎవరినడిగినా చెబుతారు. మా ఆయన ఇత్తడి సామాన్ల కొట్టుకీ, పాండురంగారావు కిరాణా కొట్టుకీ మధ్య ఒకటే గోడ. కొట్ల వెనకే మా కాపురాలు. ఇన్నేళ్లలో ఆయన గొంతు ఆ గోడ దాటి మాకు వినబడింది లేదు. కందిపప్పులో రాళ్లున్నాయని ఎవరైనా దెబ్బలాటకొస్తే, తానే చేటలో పోసుకుని ఏరి ఇచ్చేవాడు. ఇది మంచితనమా, చేతకానితనమా అని మా ఆయనకూ నాకూ వాదన. నేను మంచితనమనేదాన్ని. ఇప్పుడు ఏమనాలో నాకు తెలియడం లేదు.

పాండురంగారావుని ఏడిపించే హక్కు ఊళ్లో ఒక్కడికే ఉండేది. భార్య సుభద్ర తమ్ముడు లక్ష్మీనారాయణకి. అమ్మానాన్నా పోతే అక్క దగ్గరే పెరిగాడు. కొట్లోకి వస్తూనే, "ఏం బావా, నువ్వు ఈగల్ని తోలుతున్నావా, అవే నిన్ను తోలుతున్నాయా?" అనేవాడు. బావ పంచె అంచు గల్లాపెట్టెకు ముడేసి పోయేవాడు. పాండురంగారావు లేవబోయి, తూలి, "ఒరేయ్ వెధవా!" అని పకపకా నవ్వేవాడు. పిల్లలు లేని ఆ ఇంట్లో సందడంతా ఆ కుర్రాడిదే.

అరవై ఆరులో, మామిడి రసాల సీజను అయిపోయి బజారు పడుకున్న రోజుల్లో, బెజవాడ నుంచి నారాయణరావు అనే సైకాలజీ లెక్చరర్ దిగాడు. హనుమాన్ జంక్షన్ రోడ్డులో ఖాళీగా ఉన్న మామిడికాయల షెడ్డు తీసుకుని, అందులో ఉత్తుత్తి జైలు పెడతానన్నాడు. మంచివాళ్ల చేతికి పెత్తనం ఇస్తే ఏం చేస్తారో, వాళ్ల చేతి కింద పడ్డవాళ్లు ఏమవుతారో చూసి పరిశోధన రాస్తాడట. పనిలేని బజారుకు ఇంతకంటే ఏం కావాలి! లక్ష్మీనారాయణ ముందుగా తన పేరిచ్చి, బావను రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. చీటీలు తీస్తే బావకు వార్డరు, బావమరిదికి ఖైదీ వచ్చాయి.

"నీలాంటి వార్డరుంటే నేను జైల్లోనే కాపురం పెట్టేస్తా బావా" అన్నాడు వాడు. అందరం నవ్వాం.

లెక్చరర్ వార్డర్లకు ఖాకీ చొక్కా, లాఠీ ఇచ్చాడు. ఖైదీలకు పేర్లుండవు, చొక్కా మీద నంబర్లే. వార్డర్లను అయ్యగారూ అనాలి. చుట్టరికాలు పలకకూడదు. అక్కడే పడుకోవాలి, అక్కడే తినాలి. సుభద్ర మొగుడికీ తమ్ముడికీ కలిపి ఒకటే క్యారియరు పంపేది. ఒకరోజు మధ్యాహ్నం చూడాలనిపించి తనే బయలుదేరింది. నేను తోడు వెళ్లాను.

షెడ్డులో గడ్డి వాసన, మాగిన పండు వాసన ఇంకా పోలేదు. లక్ష్మీనారాయణ గోడకుర్చీ వేసి ఉన్నాడు. తొడలు వణికిపోతున్నాయి, పెదవులు ఎండిపోయాయి.

"బావా, కాసిని మంచినీళ్లు..." అన్నాడు.

"ఎవడ్రా ఇక్కడ నీకు బావ?"

ఆ గొంతు ఎవరిదో నాకు ముందు తెలియలేదు. పాండురంగారావు చెంబు ఎత్తి, వాడి కళ్లెదురుగానే నీళ్లన్నీ నేల మీద పోశాడు. "నవ్వండ్రా!" అని తక్కిన ఖైదీలను గదమాయించాడు. మొన్నటిదాకా వాడితో పేకాడిన కుర్రాళ్లే అందరూ. నవ్వారు. లెక్చరర్ మూల కుర్చీలో కూర్చుని రాసుకుంటున్నాడు. కలం ఆగలేదు.

"ఏంటండీ ఇది?" అంది సుభద్ర.

ఆయన భార్య వంక ఎవరినో చూసినట్టు చూశాడు. "ములాఖత్ టైము కాదు. బయటికెళ్లు."

సుభద్ర క్యారియరు కింద పెట్టి, రెండు చేతులా తమ్ముణ్ణి లేవదీసింది. అప్పుడు లేచాడు లెక్చరర్. "అమ్మా, మీరు పరిశోధన పాడుచేస్తున్నారు" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది.

"మీ పరిశోధన తగలెయ్య! మనిషి పడిపోతుంటే కనబడట్లేదా మీకు?" అన్నాను. లెక్చరర్ ఆ సాయంత్రమే జైలు ఎత్తేసి, కాగితాలు పట్టుకుని బస్సెక్కాడు. మాకేం మిగిల్చిపోయాడో ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

పాండురంగారావు మళ్లీ బనియన్లోకి, కందిపప్పులోకి వచ్చాడు. మునుపటికంటే మెత్తనయ్యాడు.

"అదంతా ఉత్తుత్తిదే కదరా" అన్నాడు బావమరిదితో.

"ఉత్తుత్తిదేనండి. నాకు తెలీదా?" అన్నాడు లక్ష్మీనారాయణ.

ఆ అండీ అప్పుడు మొదలైంది. కొన్నాళ్లకి జి. కొండూరులో రైసుమిల్లు గుమాస్తాగా వెళ్లిపోయాడు. ఎప్పుడైనా వస్తే, పాండురంగారావు పంచె అంచు గల్లాపెట్టె పక్కగా వదిలి, కావాలనే అటు తిరిగి కూర్చునేవాడు. చాలాసేపు అలాగే కూర్చునేవాడు. ముడి పడేది కాదు. చూడలేక నేను లోపలికి వచ్చేసేదాన్ని.

కిందటేడు ఎండాకాలంలో వాడికి పెళ్లి కుదిరింది. చెప్పడానికి వచ్చినప్పుడు నేను సుభద్ర దగ్గరే ఉన్నాను.

"తల్లీ తండ్రీ స్థానంలో మీరిద్దరే పీటల మీద కూర్చోవాలండి" అన్నాడు.

పాండురంగారావు మొహం విప్పారింది. "అది నువ్వు అడగాలట్రా? ఒక్కసారి బావా అని పిలు, నాకదే చాలు."

లక్ష్మీనారాయణ నోరు తెరిచాడు. నిజంగానే ప్రయత్నించాడు, నేను చూశాను. మాట రాలేదు. ఎండలో పడి వచ్చాడని సుభద్ర గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చింది. వాడు పుచ్చుకున్నాడు, ఎత్తలేదు. పాండురంగారావు మొహంలోకి చూశాడు.

"తాగమంటారా అండీ?"

వేళాకోళమేమో అని వాడి కళ్లలో వెతికాను. కాదు. తాగమంటే పాండురంగారావు మళ్లీ వార్డరే. అనకపోతే ఆ పిల్లాడి గొంతు ఎండుతుంది.

"తాగరా నాన్నా" అన్నాడు చివరికి ఏడుస్తూ.

"అలాగేనండి" అని ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు కింద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.