ఎడపల్లిలో చమోరో చామాకు కూర

నేను మాంసం తినను. పసిఫిక్ సముద్రంలోని గువామ్ దీవి మూలవాసులు చమోరోల వంటలంటే చేపలూ పందిమాంసమే అనుకుని, వాటి ఊసెత్తితేనే మొహం తిప్పుకునేదాన్ని. హైదరాబాదులో ఒకప్పుడు నాతో పాటు నర్సుగా పనిచేసి, గువామ్‌లో చాలా ఏళ్లుండి, ఈ మధ్యే సొంతూరు ఎడపల్లికి తిరిగొచ్చిన మార్తక్క ఫోన్ చేసింది.

"చమోరోల్ల ఇండ్లల్ల నువ్వు తినేటియి గూడ మస్తుగుంటయ్. ఆదివారం రా, వండి పెడ్త."

ఆ రోజే ఆమె కొత్తింట్లో ప్రార్థన, వాడకట్టు వాళ్లందరికీ భోజనం. అందుకే మాంసం ఊసే లేకుండా వండుతోందట. "ఒక్కలు గూడ తినకుంట పోవద్దు" అంది.

పొద్దున్నే కాచిగూడలో రైలెక్కి, తొమ్మిదిన్నరకు నిజామాబాదులో దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ తిని బోధన్ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టిచ్చాడు. "గీ పొలాలన్ని చెరుకే ఉండె బిడ్డా. ఫ్యాక్టరీ మూసిన్రు, వరి పెట్టుకున్నం" అంది పక్క సీట్లోని అవ్వ. పదిన్నరకల్లా ఎడపల్లిలో ఉన్నాను.

మార్తక్క పొయ్యి దగ్గరే ఉంది. చామాకును మెత్తగా ఉడికించి నీళ్లు వంపేసింది, లేకపోతే గొంతు దురద పెడుతుంది. అందులో కొబ్బరిపాలు, పసుపు, పచ్చిమిరపకాయలు వేసి, దించాక నిమ్మకాయ పిండింది. చమోరోలు దీన్ని గోల్లై హాగన్ సూని అంటారట. నిప్పుల మీద కాల్చిన వంకాయలకూ, పచ్చి అరటికాయలకూ కొబ్బరిపాలే. వాటితో తినడానికి మక్కపిండి రొట్టెలు. చామాకు పక్కింటి రైతు రాజన్న తన పొలం గట్టు నుంచి కోసి తెచ్చాడు. పసుపూ వాళ్లింట్లో దంచిందే.

ఒంటిగంటకు రాజన్న, అతని భార్య, ఇంకో పది మంది వచ్చారు. చర్చి నుంచి వచ్చిన వాళ్ల ప్రార్థన అయ్యేదాకా కూర్చున్నారు, ఇల్లు బాగుందన్నారు. విస్తళ్లు వేయగానే లేచారు.

"ఇయ్యాల ఒక్కపొద్దున్నమక్కా" అంది రాజన్న భార్య. వెనకున్న వాళ్లందరిదీ అదే మాట. ఒక వాడకట్టు మొత్తానికి ఒకే రోజు ఉపవాసమట! మూత తీయని కూల్‌డ్రింక్ సీసాలు మాత్రం అందుకున్నారు. మార్తక్క కులం వాళ్లింట్లో సీసాలోది తాగొచ్చు, పొయ్యి మీద ఉడికింది తినకూడదు. ఈ రోజుల్లో కూడా ఇదీ వీళ్ల మర్యాద.

నాకు ఒళ్లు మండింది. "ఆకు మీది, పసుపు మీది. ఇందులో ఆమెది చెయ్యి ఒక్కటే. ఆ చేతికా మీ ఒక్కపొద్దు?" అని అరిచాను.

రాజన్న చెప్పులు వేసుకుంటూ, "గట్లంటవేందక్కా, మా ఇంట్ల ముసలోల్లున్నరు" అన్నాడు. తనే తాత అయిన మనిషి, ఇంకా ముసలోళ్ల చాటున దాక్కుంటున్నాడు!

చర్చి వాళ్లూ నేనూ తిన్నాం. అంత కోపంలోనూ చామాకు కూర రెండోసారి వేయించుకున్నాను. కమ్మగా, పుల్లగా, మన పప్పుచారుకీ పెరుగు పచ్చడికీ మధ్య రుచి. మార్తక్క ముద్ద ముట్టలేదు.

నాలుగింటికి బస్టాపు దాకా వచ్చింది. "గువామ్ల మా పక్కింటి చమోరో ముసలమ్మ తన కంచంల నుంచి తీసి నాకు పెట్టేది. నా ఊర్లోల్లకు నా చెయ్యి పనికిరాకపాయె" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. బస్సు వచ్చేదాకా ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

నిజామాబాదులో రైలెక్కినా కోపం చల్లారలేదు. చమోరోల శాకాహారం చాలా బాగుంటుంది, దొరికితే మీరు కూడా తినండి. కానీ ఆ వాడకట్టును తలచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపటా కొరుకుతాను.

రైలు కామారెడ్డి దాటాక మార్తక్క ఫోన్ చేసింది.

"వచ్చే నెల మల్ల అందర్ని పిలుస్త. గీసారి చేపలు వండుత, నాకిష్టమైనయి. వాళ్ల కోసమని వట్టి కూరలు వండుడు బంద్."

"మరి నేనేం తినాలక్కా?"

"నీకు చామాకు చేస్త. నువ్వు తింటవ్ గదా."