కోస మెడికల్ వారం

మా ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో డ్రైవర్లకు కొదవ లేదు. కానీ పేరుకు ముందు బండి పేరు పెట్టి పిలిపించుకున్నవాడు మా వీధిలో ఒక్కడే. డంపర్ కోస. సొంత ఊరు మరైగూడ. దోర్ల గిరిజనుల పిల్లవాడు. పంతొమ్మిదేళ్ళ వయసులో ఇనుప కొండ మీద కూలికి వచ్చి, ఖనిజం మోసే బెల్టు కింద రాలిపడే రాయిని ఏడేళ్ళు పారతో ఎత్తిపోశాడు. తరువాత ట్రాక్టరు నేర్చుకున్నాడు, టిప్పరు నేర్చుకున్నాడు, ఆఖరికి డంపర్ ఎక్కాడు. డంపర్ అంటే మనం రోడ్డు మీద చూసే లారీ కాదు. దాని సీటు మేడంత ఎత్తున ఉంటుంది, నిచ్చెన ఎక్కి పోవాలి.

"పొద్దుగాల షిఫ్టుల పైకెక్కి కూసుంటే మొగులు నా కిందుంటది పెద్దమ్మా" అనేవాడు. నేను మొదట నమ్మలేదు. మా ఆయన అదే కొండ మీద ఫిట్టరుగా చేసి దిగినవాడే. ఆయన్ని అడిగితే నిజమే, మబ్బు లోయలో పరుచుకుంటుంది అన్నారు. ముప్పై ఏళ్ళలో ఆయన ఆ మాట నాకు ఒక్కసారైనా చెప్పలేదు. కోస చెప్పాడు.

మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. భార్య సమ్మక్క బడిలో మధ్యాహ్నం భోజనం వండేది. కోసకు తీపి పిచ్చి. గ్లాసు టీలో నాలుగు చెంచాల పంచదార. సంత రోజున జిలేబీ పొట్లం లేకుండా ఇల్లు చేరేవాడు కాదు.

ఎనిమిదేళ్ళ కిందట అతనికి షుగరు బయటపడింది. కాంట్రాక్టరు కింద పనిచేసే డ్రైవర్లు ఏటా మార్చిలో ఆరోగ్యం బాగుందని కాగితం ఇచ్చుకోవాలి. చూపు, బీపీ, హిమోగ్లోబిన్, పరగడుపున షుగరు, ఇంతే. ఆ ఏడు కోసకు షుగరు రెండు వందల ముప్పై ఒకటి వచ్చింది. కాంట్రాక్టరు దగ్గర లెక్కలు చూసే మున్షీ కాగితం చూసి, "ఏక్ మహీనా నీచే కామ్ కరో" అని, నెల రోజులు కింద పని చెయ్యమని బండి దింపేశాడు. మళ్ళీ బెల్టు కిందికి, మళ్ళీ పార పట్టుకుని.

మూడో రోజు సమ్మక్క గోడ దగ్గరికి వచ్చింది. "మనిషి మాట్లాడ్తలేడు పెద్దమ్మా. గోడ దిక్కు తిరిగి పంటున్నడు. నువ్వే ఏదన్న సెప్పు."

ఎవరింట్లో ఏం జరిగినా తల దూర్చకుండా ఉండలేని మనిషిని నేను. అయిదో తరగతి దాకా చదివాను. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వచ్చు. రక్తపరీక్ష కాగితం ఎలా చూడాలో ల్యాబు వాళ్ళను విసిగించి నేర్చుకున్నాను. మన అంకె ఒక పక్క, ఉండాల్సిన అంకెలు ఒక పక్క. హెచ్ అని ఉంటే ఎక్కువ, ఎల్ అని ఉంటే తక్కువ. వీధిలో ఎవరికి పరీక్ష చేసినా కాగితం ముందు నా దగ్గరికే వచ్చేది. నాకే ఒకసారి హిమోగ్లోబిన్ తొమ్మిది వచ్చి ఎల్ పడితే కోస ఎంత ఏడిపించాడో! "ఇనుప కొండ కింద ముప్పయ్యేండ్లున్నవ్, నీకు ఇనుము తక్కువాయెనా? రేపొక రాయి తెస్త, పప్పుల ఏసుకో."

సరే, కోసను కూర్చోబెట్టి చెప్పాను. "ఒరే, ఆళ్ళు సూసేది పరీక్షనాటి పొద్దుటి సెక్కరే గదా. ఆ పొద్దుటికి దాన్ని దించీగలిగితే సాలు."

మెడికల్ వారం అలా పుట్టింది. పరీక్షకు ఏడు రోజుల ముందు నుంచి అన్నం బంద్. పొద్దున కాకరకాయ రసం, నానబెట్టిన మెంతులు, మధ్యాహ్నం పలచటి రాగి జావ, సాయంత్రం రైలు గేటు దాకా నడక. మాత్రలు తప్పకుండా వేసుకోవాలి. మిగతా ఏడాదంతా గుర్తొస్తే వేసుకునేవాడు, లేకపోతే లేదు. నెల తిరిగేసరికి రెండోసారి పరీక్ష చేయించుకుంటే తొంభై ఎనిమిది వచ్చింది. మున్షీ "ఫిట్ హై" అన్నాడు. కోస నిచ్చెన ఎక్కాడు. ఆ సాయంత్రం సమ్మక్క వీధంతటికీ జిలేబీ పంచింది. కోస కూడా రెండు తిన్నాడు.

తరువాతి ఏడు మరో నలుగురు డ్రైవర్లు చేరారు. మార్చి వచ్చిందంటే మా వీధిలో మగవాళ్ళ ముఖాలు చూడాలి. "పెద్దమ్మా, నీ కాకరకాయ తాగుడు కన్న పార పట్టుడే నయం" అని కోస తిట్టేవాడు. "తాగెహె, నిచ్చెనెక్కాలని లేదేటి?" అనేదాన్ని. నూట రెండు, తొంభై తొమ్మిది, నూట అయిదు. ఒక్క ఏడూ హెచ్ పడలేదు. ఆ కాగితాలు చదివి వినిపిస్తూ, పిల్లలంతా పాసైన పంతులమ్మలా మురిసిపోయాను.

మొన్న మార్చిలో బజారు ల్యాబులో కొత్తమ్మాయి చేరింది. ఉదయశ్రీ. విశాఖలో చదువుకుని వచ్చిన మా గనిలో పనిచేసేవాళ్ళ అమ్మాయే. రక్తం తీసేటప్పుడు వాచి ఉన్న కోస కాళ్ళ వంక చూసి, ఇంకో గొట్టం నిండా తీసుకుంది. సాయంత్రం ఇద్దరం వెళ్ళాం.

"ఏటమ్మా, మావోడికి ఎంతొచ్చింది?"

"నూట తొమ్మిది మామ్మా."

"సూసేవురా! నూట పదిలోపే!"

ఆ అమ్మాయి నవ్వలేదు. రెండో కాగితం తీసింది. "ఇంకో రెండు పరీక్షలు నేనే చేశాను. డబ్బులక్కర్లేదు. మూడు నెలల షుగరు పది పాయింటు నాలుగు. దాని కింద క్రియాటినిన్, నాలుగు పాయింటు ఒకటి."

కోస ముఖం వెలిగింది. "నూట తొమ్మిది కాడికెల్లి పదికి దిగిందా? ఇంక కిందికి నాలుగే? మంచిదే గదా పెద్దమ్మా!"

నాకూ అలాగే తోచింది. హెచ్‌లు రెండు కనబడుతున్నా, అంత చిన్న అంకెలకు భయపడాలని నాకు తెలియలేదు.

"మామ్మా, పరగడుపు షుగరు ఆ పొద్దుటి మాట. వారం కడుపు మాడ్చుకుంటే దిగుతుంది. ఈ రెండోది అలా కాదు. రక్తంలో చక్కెర ఎర్రకణాలకు అంటుకుంటుంది, ఆ కణాలు మూడు నెలలు తిరుగుతాయి. మూడు నెలలుగా ఎంత చక్కెరలో మునిగాయో ఇది చెబుతుంది. ఆరున్నర దాటితేనే షుగరు జబ్బు. ఇక క్రియాటినిన్ కిడ్నీలు బయటికి తోసేయాల్సిన మురికి. ఒకటీ ఒకటింపావు దగ్గర ఉండాలి. నాలుగు అంటే కిడ్నీలు చాలావరకు పోయినట్టే. ఈ వారమే జగదల్‌పూర్‌లో కిడ్నీ డాక్టరుకు చూపించండి. ఆగొద్దు."

బయటికి వచ్చాక కోస రెండో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. బస్టాండు అరుగు మీద కూర్చున్నాం.

"మున్షీకి మొదటి కాయితమే గావాలె. ఇది ఆయనెట్లనూ అడగడు" అన్నాడు.

"సమ్మక్కకేటి సెప్తావు?"

"సెప్పకు పెద్దమ్మా. సెప్తే ఇయ్యాల్నే నన్ను బండి దింపుతది. దింపినంక ఇంక ఎక్కనియ్యరు. వానలు పడ్డంక కొండ మీద పని తగ్గుతది, అప్పుడు నేనే పోత. మూడు నెలలే. నీకు దండం పెడత."

విన్న మాట సాయంత్రం దాకా కడుపులో దాచుకోలేనిదాన్ని. ఆ ఒక్క మాట మూడు నెలలు దాచాను. ఎందుకు దాచానో కూడా చెప్పాలి. మూడు నెలల పరీక్ష అన్నది కదా ఆ పిల్ల. వారం పరీక్షకు వారం జావ తాగించాం, మూడు నెలల పరీక్షకు మూడు నెలలు తాగిస్తే ఆ అంకె దిగుతుంది, దాని వెంట కింది అంకె కూడా దిగుతుంది అనుకున్నాను. ఉదయశ్రీ చెప్పిన మాటల్లో నాకు అర్థమైనంత మేరకే పట్టుకున్నాను.

"ఏంది పెద్దమ్మా, ఈసారి మెడికల్ వారం ఒడుస్తలేదు?" అని సమ్మక్క అడిగింది.

"మళ్ళీ ఒక పరీక్షుందట" అన్నాను.

ఏప్రిల్‌లో కోస జావ కూడా సగమే తాగేవాడు. భేష్ అన్నాను. మే నెలలో జిలేబీ ముందు పెట్టినా ముఖం తిప్పుకున్నాడు. నోట్లో ఎప్పుడూ చేదుగా ఉందన్నాడు. "అద్గదీ పట్టుదలంటే! నాలిక్కి బుద్దొచ్చింది" అని వీధిలో మిగతావాళ్ళకు అతన్ని చూపించి మరీ చెప్పాను. ముఖం నిండుగా కనబడితే ఒళ్ళు చేశాడనుకున్నాను. బూట్లు పట్టక చెప్పులతో డ్యూటీకి పోతుంటే ఎండలకు అనుకున్నాను. అన్నిటికీ నా దగ్గర సమాధానం ఉంది.

జూన్ రెండో వారంలో మళ్ళీ పరీక్ష చేయించాం. కాగితం నేనే లాక్కుని చూశాను. మూడు నెలల షుగరు ఏడు పాయింటు ఒకటి!

"పది నుంచి ఏడు! కోసా, గెలిసేవురా!" అని ల్యాబులోనే అరిచాను. కోస బల్ల మీద కూర్చుని ఆయాసపడుతూ నవ్వాడు.

ఉదయశ్రీ నా చెయ్యి పట్టుకుంది. "జగదల్‌పూర్ వెళ్ళలేదా మామ్మా?" అని వేలు కింది గీత మీద పెట్టింది. ఎనిమిది పాయింటు తొమ్మిది. "అతను తినడం మానలేదు. తినలేకపోతున్నాడు. ఒంట్లో మురికి పేరుకుని ఆకలి చచ్చిపోయింది. తిండి లేక షుగరు తగ్గింది. కిడ్నీలు ఇలా పాడైనప్పుడు ఈ పై అంకెను పూర్తిగా నమ్మడానికి కూడా లేదు. ఇవాళే తీసుకెళ్ళండి."

నేను అప్పటిదాకా మెచ్చుకుంటూ వచ్చిందంతా అతని రోగాన్నే.

కోస వినలేదు. "బండి అప్పజెప్పి వస్త పెద్దమ్మా. ఉన్నపళంగ ఇడిసిపెడితే ఎట్ల?" అని రెండో షిఫ్టుకు పోయాడు. కొండ సగం దిగాక ఊపిరి అందలేదట. నిండు లోడుతో ఉన్న బండిని రోడ్డు వారకు తీసి, ఇంజను ఆపి, కిందికి దిగి, చక్రాలకు తన చేతులతోనే రాళ్ళు పెట్టి, ఆ రాళ్ళ పక్కన కూలబడ్డాడట. వెనకాల వచ్చిన డ్రైవరు చెప్పాడు. ఎవరి బండికీ ఏమీ కానివ్వలేదు.

జగదల్‌పూర్ ఆస్పత్రిలో డాక్టరు సమ్మక్కను హిందీలో అడిగాడు, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని. వచ్చీరాని హిందీలో ఆమె చెప్పింది, మార్చిలో కాగితం మంచిగా వచ్చింది సాబ్, ఈ పెద్దమ్మే చదివింది అని. నా వైపు చూపించింది కూడా, సాక్ష్యం చెబుతానని.

"లేదు సమ్మక్కా. రెండో కాగితం ఒకటుంది. నాకు తెలుసు" అన్నాను.

ఆమె నన్ను ఒకసారి చూసి, కోస కాళ్ళ మీది దుప్పటి సర్దింది. తరువాత డాక్టరును నేనే అడిగాను, మార్చిలోనే వస్తే బాగుపడేవాడా అని. అడగకుండా ఉండలేకపోయాను. "బాగుపడేవాడని చెప్పలేను. కొంత వ్యవధి దొరికేది" అన్నాడాయన.

వారానికి రెండుసార్లు మిషను పెట్టి రక్తం కడిగేవారు. నేను వెళ్ళినప్పుడల్లా కోస ఏదో ఒక మాట అని నవ్వించాలని చూసేవాడు. "ఇన్నేండ్లు నేను బండిని నడిపిన. ఇప్పుడీ బండి నన్ను నడుపుతున్నది. డ్రైవరు మంచోడు కాదు పెద్దమ్మా, కుదుపులెక్కువ." ఒకసారి సమ్మక్క నీళ్ళకు వెళ్ళినప్పుడు గొంతు తగ్గించి అడిగాడు.

"అది నీతోటి మాట్లాడుతున్నదా?"

"లేదురా."

"నేనే సెప్పొద్దన్న అని సెప్పిన. ఇంటలేదు. నీది తప్పు లేదు పెద్దమ్మా. బండి దిగాల్నంటే నాకు బయ్యమైంది, గంతే."

ఆగస్టులో పోయాడు. నలభై ఆరేళ్ళు. మరైగూడ తీసుకుపోయారు. కొండ మీద డ్రైవర్లు ఆ రోజు ఒక షిఫ్టు బండ్లు తీయలేదు. అలా ఆపడానికి వాళ్ళకు ఎవరు ఒప్పుకున్నారో తెలుసుకోవాలని నాకు అనిపించలేదు. అలా అనిపించకపోవడం నాకదే మొదలు.

దినాలయ్యాక సమ్మక్క సామాను కోసం వచ్చింది. ఇక్కడ ఉండనంది. బస్సు దాకా నేనూ వెళ్ళాను. పెరుగన్నం పొట్లం ఇస్తే వద్దనకుండా తీసుకుని సంచిలో పెట్టుకుంది. ఆస్పత్రిలో ఆ రోజు తరువాత నాతో మాట్లాడింది అప్పుడే.

"ఏ ఇంట్ల ఏమైనా నువ్వు సెప్పకపోతే నాకు తెల్వకపోయేది పెద్దమ్మా. వీధిల ఎవరెవరికి ఏమేం రోగాలో అన్ని నీ నోట్నే ఇన్న. నా ఇంటి సంగతొక్కటి సెప్పకపోతివి."

కండక్టరు తొందరపెట్టాడు. ఆమె ఎక్కి, నేను నిలబడ్డ వైపు కాకుండా అటువైపు కిటికీ దగ్గర కూర్చుంది.