దేవుడి గూట్లో ఫిట్ కాగితం

ఒమాన్‌లోని రుసైల్‌లో మా రూమ్‌లో ఆరుగురం ఉంటాం, అందరం కరీంనగర్ వైపువాళ్ళమే. సెలవు మీద ఊరికి ఎవడు బయల్దేరినా నేను వాడి ప్రాణం తోడేస్తాను.

"అరేయ్, తొక్కు తేకున్నా మంచిదే. పెద్దాసుపత్రిల ఎయిడ్స్ పరీక్షకు రక్తమియ్యి. ఎవ్వలికి చెప్పరు, పైసలు తీసుకోరు. ఉంటే మందులిస్తరు, మంచిగ బతుకుతవ్."

పోయొచ్చినవాడు ఇంకొకడికి చెప్పాలి. అదే మా పద్ధతి. ఇక్కడ బతాకా, అంటే రెసిడెంట్ కార్డు, కొత్తది చేయించేటప్పుడు మెడికల్‌లో బయటపడితే నేరుగా విమానం ఎక్కిస్తారు. ఆ భయానికే ఇక్కడ ఎవడూ ముందుగా పరీక్ష చేయించుకోడు.

నా పై మంచం దోస్తు మాత్రం నవ్వేవాడు. సెలవు రోజు శుక్రవారం వస్తే వాడు ఏ ఆడవాళ్ళ దగ్గరికి పోయేవాడో రూమంతటికీ తెలుసు. "నేను ఫిట్ రా! కాయితం సూడు," అనేవాడు. వాడి బతాకా మెడికల్ కాగితం అది, ముచ్చటపడి లామినేషన్ కూడా చేయించుకున్నాడు. దాని తర్వాత గడిచిన శుక్రవారాల సంగతి ఆ కాగితానికేం తెలుసు? ఎన్నిసార్లు మొత్తుకున్నానో! పోయినసారి సెలవుకు పోయొచ్చి, "రక్తమిచ్చిన, మంచిగనే ఉన్నది," అన్నాడు. నమ్మాను. ఇంకో ఇద్దరికి వాడినే చూపించి చెప్పాను కూడా.

బతాకాకు రెండేళ్ళు నిండి మళ్ళీ మెడికల్‌కు పోతే బయటపడింది. వాడు పెట్టె సర్దుతుంటే అడిగాను.

"ఊళ్ళె పరీక్ష చేయించుకున్ననంటివి గదరా?"

"పోలేదురా. కాయితం ఉన్నది గదా అనుకున్న."

చెంప పగలగొట్టాలనిపించింది. వాడు ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. ఆ సెలవులోనే వాడి భార్యకు కడుపొచ్చింది, ఇప్పుడు ఐదో నెల. ఆమెకూ ఉందేమో తెలుసుకుని మందులు మొదలుపెడితే బిడ్డను కాపాడుకోవచ్చు. పోగానే ఆమెకు చెప్పి ఆసుపత్రికి తీసుకుపొమ్మని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. తలూపాడు.

ఊరికి పోయాక పది రోజులు వాడు ఫోన్ ఎత్తలేదు. చివరికి వాడి భార్యే చేసింది.

"అన్నా, ఆయన మాట్లాడ్తలేడు, తింటలేడు. ఏమైందన్నా అక్కడ?"

వాడి రహస్యం నేను చెప్పకూడదు. చెప్పకపోతే బిడ్డ ఏమవుతుంది? ఏం చేయను దేవుడా!

"చెల్లె, కడుపుతోని ఉన్నోళ్ళందరికి రక్తపరీక్ష చేస్తరు. చేయించుకున్నవా?"

"ఆశ వర్కర్ చెప్పిందన్నా. ఎయిడ్స్‌ది గూడ చేస్తరంటే, నాకెందుకని నేనే పోలె. ఆయన ఫిట్ కాయితం పోయినసారి తెచ్చిండు గద, దేవుని గూట్ల పెట్టిన."

అరిచేశాను.

"ఆ కాయితం పాతదమ్మా! రేపు పొద్దుగాల్నే పో. ఆయనను గూడ తీస్కపో."

"అన్నా," అంది, "ఎంత పాతది?"